అమోనియాకల్ అనే విశేషణం

గురువుగారు తనకు ఏమీ నేర్పడం లేదని రహంతుల్లా దిగులు.

గుత్తి కోట కింద, చుట్టూ రాళ్ళ ప్రహరీ ఉన్న ఒక పాత ఇల్లు ఆ గురువుగారిది. పేరు సయ్యద్ మీరా హుస్సేన్ షా. ముస్లింలు హజ్రత్ అనేవారు. చుట్టుపక్కల పల్లెలవాళ్ళు సామీ అనేవారు. ఊళ్ళో మాత్రం అద్దాలసాబు అంటేనే తెలుస్తుంది. సూఫీ పరంపరలో ఆయనకొక పీఠం ఉంది. పీఠం మీద కూర్చున్నవాడు భక్తులు పెట్టింది తిని బతకకూడదు, చేతిపని ఉండాలి అని వాళ్ళ పెద్దల కట్టడి. అందుకని హజ్రత్ గాజుపలకలకు వెండిపూత వేసి అద్దాలు చేసేవారు. అంతకుముందు చాలాకాలం కాలేజీలో కెమిస్ట్రీ చెప్పారు. తన గురువు పోయాక ఉద్యోగం వదిలేసి వచ్చి ఈ ఇంట్లో కూర్చున్నారు.

రహంతుల్లా కూడా కెమిస్ట్రీ చదివినవాడే. కొన్నాళ్ళు పాఠాలు చెప్పి, ఆ పాఠాల్లో ఏదో వెలితి అనిపించి, దాన్ని వెతుక్కుంటూ ఇక్కడికి వచ్చాడు. అరబ్బీ వచ్చు, ఫార్సీ వచ్చు, సంస్కృత వ్యాకరణం ఒక శాస్త్రులుగారి దగ్గర చెప్పుకున్నాడు. ఏ మాట చెప్పినా దాని పుట్టుపూర్వోత్తరాలు చెప్పగలడు. గురువారం సాయంత్రం జనం వచ్చి కూర్చుని ఏదైనా అడిగితే, హజ్రత్ నోరు తెరిచే లోపలే రహంతుల్లా జవాబు సిద్ధంగా ఉండేది. హజ్రత్ తల ఊపి ఊరుకునేవారు.

అలాంటివాడికి హజ్రత్ అప్పగించిన పని గాజు కడగడం.

"కడిగాను హజ్రత్."

ఆయన పలకను వెలుతురులోకి ఎత్తి చూసేవారు. "ఇంకా కడుగు బేటా."

వేలిముద్ర ఉన్నచోట వెండి నిలవదు. ఆ మాట కూడా ఆయన చెప్పలేదు, రహంతుల్లాకు ముందే తెలుసు. పూత మాత్రం హజ్రత్ స్వయంగా వేసేవారు. సిల్వర్ నైట్రేట్ నీళ్ళలో చుక్కచుక్కగా అమోనియా కలిపితే నీళ్ళు ముందు బురదలా అయ్యేవి. ఇంకొన్ని చుక్కలు పడగానే మళ్ళీ తేటబడేవి. ఆ తేటలో చక్కెరపాకం కలిపి గాజు మీద పోసేవారు. కాసేపటికి గాజు నల్లబడి, తర్వాత ఉన్నట్టుండి పోసినవాడి ముఖం అందులో కనపడేది. అది చూసినప్పుడల్లా రహంతుల్లాకు చేతులు లాగేవి. ఎప్పుడు తన వంతు?

పూత అయ్యాక గిన్నెలో మిగిలిన నీళ్ళలో హజ్రత్ వెంటనే పలచటి ఆమ్లం పోసేవారు. పాలు విరిగినట్టు తెల్లగా విరిగి అడుక్కు చేరేది. దాన్ని వేరే జాడీలో ఎత్తి పెట్టి, గిన్నె, గాజుకడ్డీ, తుడిచిన బట్ట అన్నీ కడిగాకే ఆ గదిలోంచి బయటికి వచ్చేవారు. ఆకలి వేసినా, ఎవరు పిలిచినా ఆ పని కాకుండా కదిలేవారు కాదు.

ఒక్కరోజు కదలవలసి వచ్చింది.

మంగలి షాపు కోసం పెద్ద అద్దానికి పూత వేస్తుండగా పామిడి నుంచి మనిషి వచ్చాడు. అక్కడ హజ్రత్‌తో పాటు ఒకే గురువు దగ్గర పెరిగిన మిత్రుడొకాయన చివరి ఘడియల్లో ఉన్నాడట. హజ్రత్ చేతులు కడుక్కుని, భుజాన తువ్వాలు వేసుకున్నారు. గుమ్మం దాటుతూ వెనక్కి తిరిగి, "మిగిలింది విరిచెయ్యి బేటా. కడ్డీ కూడా కడిగెయ్యి," అన్నారు.

"అలాగే హజ్రత్."

ఆయన వెళ్ళిపోయారు. రహంతుల్లా ఆమ్లం సీసా చేతిలోకి తీసుకుని గిన్నె ముందు నిలబడ్డాడు.

వెడల్పాటి గాజుగిన్నెలో సగానికి పైగా ద్రావణం ఉంది. తేటగా, నీళ్ళలా. గోడవారగా చిన్న గాజుపలక ఆనించి ఉంది. తానే కడిగిందది. ఎంత కడిగాడంటే, దాన్ని చూస్తే అక్కడ ఏమీ లేదనిపిస్తోంది. పూత వేద్దామంటే చక్కెరపాకం అయిపోయింది. మళ్ళీ కాచి చల్లార్చాలి. అప్పటికి పొద్దుపోతుంది.

రేపు వేస్తాను, అనుకున్నాడు. హజ్రత్ తిరిగొచ్చేసరికి అద్దం తయారుగా ఉంటుంది. ఆయన అందులో చూసుకుంటారు. అప్పుడైనా తెలుస్తుంది, ఇతనికి గాజు కడగడం కాక ఇంకా ఏదో వచ్చని.

ఒక్క పూటకు ఏమవుతుందిలే అని కూడా అనుకున్నాడు. అనుకుని, గిన్నె మీద సాసరు మూతపెట్టి, వెనకవైపు చెక్క అరలో జాగ్రత్తగా ఉంచాడు. కడ్డీని కడగకుండానే పక్కన బట్ట మీద పెట్టాడు.

మర్నాడు అతను అనుకున్నట్టు జరగలేదు. హజ్రత్ పొద్దున బండికే వచ్చేశారు. మిత్రుడిని మట్టిలో పెట్టి వచ్చిన మనిషి, వసారాలో చాప మీద చేతిలో తసబీ జపమాలతో కూర్చున్నారు. రహంతుల్లా చక్కెరపాకం కాచి చల్లార్చి వంటింట్లో దాచుకున్నాడు. అద్దాలగదిలోకి వెళ్ళడానికి మాత్రం వీలు చిక్కలేదు. గదికి ఒక దారి వసారాలోంచి, రెండోదైన పెరటి తలుపు తాళంచెవి వంటావిడ దగ్గర. రెండుసార్లు లేచి, రెండుసార్లూ కూర్చున్నాడు.

ఆ సమయంలో నాగరత్నమ్మగారు వచ్చారు.

ఆవిడ ఒకప్పుడు హజ్రత్ దగ్గర కాలేజీలో చదువుకున్న మనిషి. ఇప్పుడు అనంతపురంలో లెక్చరరు. కాలేజీల్లోకి తెలుగు మీడియం కొత్తగా వస్తున్న రోజులవి. కెమిస్ట్రీ పుస్తకాన్ని తెలుగు చేసే బాధ్యత మరికొందరితో పాటు ఆవిడ మీద పడింది. భుజాన గుడ్డసంచీ, అందులో రాతప్రతి.

"సార్, ఒక మాట దగ్గర ఆగిపోయాం," అన్నారు కూర్చోగానే. "అమోనియాకల్. దాన్ని తెలుగులో ఎలా రాయాలో తేలడం లేదు. మాలో కొందరు ఆ విశేషణం తీసేద్దాం అంటున్నారు. ఉత్త సిల్వర్ నైట్రేట్ ద్రావణం అని రాస్తే పిల్లలకు సులువు కదా అని వాళ్ళ వాదన. మీరేమంటారు?"

హజ్రత్ రహంతుల్లా వైపు చూశారు. "వీణ్ణి అడుగమ్మా. మాటలకు మా ఇంట్లో వీడే పెద్ద."

ఇంకో రోజైతే ఆ మాటకు రహంతుల్లా పొంగిపోయేవాడు. ఇవాళ అతని చూపు వెనకగది తలుపు మీదే ఉంది. అయినా గొంతు తెరవగానే మాటలు వాటంతట అవే వచ్చాయి.

"అమోనియాకల్ అంటే అమోనియాకు సంబంధించిన, అమోనియా కలిసిన, అమోనియా గుణం ఉన్న అని అమ్మా. అసలు మాట చాలా పాతది. ఈజిప్టుకు పడమట ఎడారిలో అమ్మోన్ అనే దేవుడి గుడి ఉండేది. ఆ ప్రాంతంలో దొరికే ఉప్పును అమ్మోన్ ఉప్పు అన్నారు. మన కళాయివాళ్ళు గిన్నెల మీద చల్లుతారే, నవాసారం, అదే ఆ ఉప్పు. దాంట్లోంచి వచ్చిన వాయువు కాబట్టి అమోనియా అయింది. దేవుడి పేరు ఉప్పుకు, ఉప్పు పేరు గాలికి, గాలి పేరు మళ్ళీ విశేషణానికి."

నాగరత్నమ్మగారు కళ్ళు పెద్దవి చేసి విన్నారు. "ఎంత బాగా చెప్పావయ్యా!"

"తెలుగులో అమోనియాయుత అనవచ్చు, అమోనియా కలిపిన అనవచ్చు. పిల్లల పుస్తకం కాబట్టి వదిలేసినా నష్టం లేదు. విశేషణం నగ లాంటిది. తీసి పక్కన పెడితే మనిషి మారిపోదు కదా."

హజ్రత్ తసబీ పూసలు తిప్పుతున్న వేళ్ళు ఆగాయి.

"అర్థం చెప్పావు," అన్నారు. "ప్రయోగం?"

"అవునయ్యా," అని నాగరత్నమ్మగారు కలం తీశారు. "పుస్తకం చివర పదాల పట్టిక వేస్తున్నాం. ప్రతి మాటకూ వాడుక వాక్యాలు కావాలి. చెప్పు, రాసుకుంటాను."

రహంతుల్లా గోడకు ఆనుకుని, కళ్ళు సగం మూసి, క్లాసులో చెప్పినట్టు మొదలుపెట్టాడు.

"పశువుల కొట్టం తలుపు తియ్యగానే అమోనియాకల్ వాసన గుప్పుమంది."

"ఊఁ."

"ఆ లవణం అమోనియాకల్ నీటిలో కరిగింది."

"ఊఁ. ఇంకొకటి. మన పాఠంలోదే చెప్పు."

"అమోనియాకల్ సిల్వర్ నైట్రేట్ ద్రావణాన్ని ఎప్పటికప్పుడు తయారు చేసుకోవాలి. దాన్ని నిల్వ..."

అక్కడ ఆగిపోయాడు.

నాగరత్నమ్మగారు కలం ఆపి తల ఎత్తారు. "నిల్వ?"

రహంతుల్లా గోడ వదిలి నిటారుగా కూర్చున్నాడు. నోరు తెరిచే ఉంది. ఆ వాక్యం అతనికి కంఠతా వచ్చు. ఎన్నో ఏళ్ళ క్రితం పరీక్షలో రాసి మార్కులు తెచ్చుకున్నాడు. తర్వాత తానే ఏటా పిల్లలకు డిక్టేషన్ చెప్పాడు. నిల్వ ఉంచరాదు, ఉంచిన యెడల నల్లని పేలుడు పదార్థము ఏర్పడును, కదలికకు సైతము పేలును. చెప్పిన ప్రతిసారీ అది ఒక వాక్యం. కింద గీత గీయించిన వాక్యం.

ఇప్పుడది వాక్యం కాదు. వెనకగదిలో, చెక్క అరలో, సాసరు మూత కింద ఉంది.

"హజ్రత్," అన్నాడు. "నిన్నటిది విరవలేదు."

తసబీ చాప మీద పడింది. హజ్రత్ లేవలేదు, అరవలేదు. "ఎంత?" అని మాత్రం అడిగారు.

"సగం గిన్నె. మూతపెట్టాను. కడ్డీ... కడ్డీ కూడా అక్కడే ఉంది, ఆరిపోయి ఉంటుంది."

"గదిలో ఎవరున్నారు?"

ఎవరూ లేరని చెప్పబోయాడు. అప్పుడు వినిపించింది, లోపలి నుంచి చీపురు చప్పుడు.

దస్తగిరమ్మ. ఆ ఇంట్లో వంట చూసుకునే పెద్దావిడ. పిల్లలు పుట్టి పోతుంటే గుత్తి దర్గాకు మొక్కుకుని ఆమె తల్లి పెట్టుకున్న పేరది. హజ్రత్ ఊళ్ళో లేనప్పుడు గది ఊడవడం కుదరలేదని ఇప్పుడు పెరటి తలుపు గుండా వెళ్ళి మొదలుపెట్టింది. వసారాలో మాటల్లో పడి రహంతుల్లా గమనించనే లేదు.

అతను లేచి పరుగెత్తబోయాడు. హజ్రత్ చెయ్యి అతని మణికట్టును పట్టుకుంది. ఆ ముసలి చేతిలో అంత బలం ఉందని అతనికి అప్పటిదాకా తెలియదు.

"పరుగెత్తకు. నేల అదురుతుంది."

హజ్రత్ చెప్పులు వదిలి, చప్పుడు కాకుండా గది గుమ్మం దాకా వెళ్ళారు. వెనకే రహంతుల్లా. లోపల దస్తగిరమ్మ అర ముందు నిలబడి ఉంది. కుడిచేతిలో చీపురు. ఎడమచెయ్యి సాసరు మీద ఉంది. మూత కొంచెం పక్కకు జరిపి లోపలికి చూస్తోంది.

"ఇదేంది సామీ," అంది గుమ్మంలో మనిషి నీడ చూసి. "అడుగున నల్లగా పాచి పట్టినట్టుండాది. ఎవురు పెట్నారో ఏమో. బూడిదేసి తోమకపోతే పోయేట్టు లేదు. పెరట్లోకి తీసకపోతా ఉండా."

రహంతుల్లా ముందుకు అడుగేయబోయి, నేల గుర్తొచ్చి గుమ్మం చెక్క పట్టుకున్నాడు.

"దస్తగిరమ్మా," అన్నారు హజ్రత్. అన్నం వడ్డించమని అడిగినంత నెమ్మదిగా ఉంది ఆ గొంతు. "నాకొక సాయం చెయ్యమ్మా. గిన్నె ఎట్లుండేది అట్లే ఉండనీ. మూత కూడా సర్దొద్దు. చెయ్యి మెల్లగా వెనక్కి తీసుకో."

ఆమె ఆయన ముఖం చూసింది. ఏం అర్థమైందో, ఎందుకని అడగలేదు. సాసరు మీంచి వేళ్ళు ఒక్కొక్కటే లేచాయి.

"చీపురు కింద పడెయ్యొద్దు. చేతిలోనే పట్టుకుని, నా వైపు చూస్తా నడిచి రా. తొందరేం లేదు."

ఆమె నడిచి వచ్చింది. గుమ్మం దాటగానే హజ్రత్ ఆమె భుజం పట్టి రహంతుల్లా వైపు తిప్పారు. "ఈమెనూ నాగరత్నమ్మనూ గోడ అవతలికి తీసుకెళ్ళు. నేను పిలిచేదాకా ఎవరూ ఇవతలికి రాకూడదు."

"నేను పెట్టింది హజ్రత్. నేనే వెళ్తాను."

"నీకు చెప్పిన పని చెయ్యి."

ఆ మాట నిన్న కూడా చెప్పి ఉంటే ఎంత బాగుండేదనిపించింది అతనికి. నిన్న కూడా చెప్పారు. మెత్తగా చెప్పారు, అంతే.

ప్రహరీ బయట ముగ్గురూ నిలబడ్డారు. దస్తగిరమ్మ చేతిలో ఇంకా చీపురు ఉంది. నాగరత్నమ్మగారు సంచీని గుండెకు హత్తుకుని ఉన్నారు. ఆవిడకు విషయం తెలుసు కాబట్టి ఏమీ అడగడం లేదు. గోడ మీంచి చూస్తే గది కిటికీ కనిపిస్తోంది. హజ్రత్ కిటికీ రెక్కలు ఒకటొకటిగా, కిర్రుమనకుండా తెరిచారు. తర్వాత ఎత్తుపీట మీద ఆమ్లం సీసా, దానికి సన్నటి రబ్బరు గొట్టం. ఆ పైన తెల్లటి చొక్కా చెయ్యి ఒక్కటే కనబడుతోంది. అది అర వైపు సాగి, అక్కడే నిలిచిపోయింది.

ఆ చెయ్యి కదలదు. చుక్కచుక్కగా పడుతోందన్నమాట.

"ఏమైతాది నాయనా?" అంది దస్తగిరమ్మ చివరికి. "విషమా?"

"కదిలితే పేలుతుంది అవ్వా."

ఆమె తన ఎడమచేతిని తిప్పి చూసుకుంది. చాలాసేపు చూసుకుంది. "నీకు తెలీదా, అట్లాంటిదని?"

రహంతుల్లా ఆమె చేతిలోని చీపురు తీసుకుని గోడకు ఆనించాడు.

అంతలో స్టేషను వైపు నుంచి కూత వినబడింది.

గుత్తిలో ఉన్నవాళ్ళకు ఆ కూత కొత్త కాదు. గూడ్సుబండి కదిలిందంటే కోట కింద ఇళ్ళల్లో అరల మీది గ్లాసులు ఒకదానికొకటి తగిలి గలగలమంటాయి. నిద్రలో పిల్లలు కూడా లేవరు. రహంతుల్లా ఆ చప్పుడు ఎప్పుడూ పట్టించుకోలేదు. ఇప్పుడు ఒక్కో పెట్టె పట్టాల మీద దొర్లుతుంటే, ఆ దడ భూమిలోంచి పాకి తన కాళ్ళలోకి, గోడలోకి, గోడకు కొట్టిన ఆ చెక్క అరలోకి ఎక్కడం తెలుస్తోంది. గోడ మీద చేతులు ఆనించాడు, దాన్ని ఆపగలిగినట్టు.

కిటికీలో తెల్లచొక్కా చెయ్యి వెనక్కి రాలేదు. గొట్టాన్ని అలాగే పట్టుకుని ఉంది.

బండి చాలా పొడుగు. పోతోంది, ఇంకా పోతోంది. నాగరత్నమ్మగారు కళ్ళు మూసుకున్నారు. దస్తగిరమ్మ దస్తగిరిస్వామినీ, పెన్నోబిలం నరసింహస్వామినీ కలిపి మొక్కుతోంది. రహంతుల్లాకు ఎన్నో దువాలు నోటికి వచ్చు. ఒక్కటీ గుర్తు రాలేదు. యా అల్లా, యా అల్లా అన్న రెండు మాటల కంటే ముందుకు నాలుక కదల్లేదు.

దడ తగ్గింది. ఆఖరి పెట్టె పోయింది. కిటికీలో చెయ్యి నెమ్మదిగా దిగింది.

"విరిగింది," అన్నారు హజ్రత్ లోపలి నుంచి. "తెల్లగా అయింది."

రహంతుల్లా గోడకు ఒరిగాడు. అప్పుడే వచ్చింది ఆ చప్పుడు. పెద్దది కాదు. ఎండిన కొమ్మ విరిగినట్టు, ఫట్‌మని. వెంటనే గాజు రాలిన సన్నటి సవ్వడి.

"హజ్రత్!"

జవాబు లేదు.

గోడ దూకబోయాడు. ఒక కాలు అటువైపు పడింది కూడా. ఎవరూ ఇవతలికి రాకూడదన్న మాట అతన్ని అక్కడ పట్టి ఆపింది. ఒక కాలు ఇటు, ఒక కాలు అటు, గోడ మీద కూర్చుండిపోయాడు. ఏడుపు తన్నుకొచ్చింది. అలా చెప్పిన మాట వినడం అంత కష్టమని అతనికి ఎప్పుడూ తెలియదు.

"ఉన్నాను," అంది లోపలి గొంతు. "అక్కడే ఉండు. ఇంకొంచెం పని ఉంది."

కడ్డీ కిందున్న బట్టను తడపడం, కడ్డీ ముక్కలు తడిపి ఎత్తడం, అర తుడవడం. తర్వాత హజ్రత్ బయటికొచ్చి రమ్మని చెయ్యి ఊపారు. కంటి కింద చెంప చీరుకుపోయి, నెత్తురు తెల్లటి గడ్డంలోకి దారి చేసుకుంది. ఇంకొక్క వేలెడు పైన తగిలి ఉంటే కన్నే.

దస్తగిరమ్మ ఘొల్లుమంది. కొంగు తడిపి చెంపకు అదిమింది. "ఎంత గిన్నె పేలింది సామీ?"

"గిన్నె కాదమ్మా. కడ్డీ. దానికి అంటుకుని ఆరింది ఆవగింజంత కూడా లేదు."

అందరి చూపులూ కిటికీలోంచి అర మీదికి పోయాయి. అక్కడ సగం గిన్నె తెల్లటి విరుగుడు ఉంది.

"ఈ పిల్లోడికి తెలీక పెట్నాడేమో సామీ," అంది దస్తగిరమ్మ. రహంతుల్లా ముఖం చూసి జాలేసింది ఆమెకు. "పాపం, తెలీదేమో."

"తెలుసమ్మా," అన్నారు హజ్రత్. "మనందరి కంటే బాగా తెలుసు."

ఆ గొంతులో కోపం లేదు, ఎత్తిపొడుపు లేదు. ఉంటే భరించేవాడు రహంతుల్లా.

డాక్టరు వచ్చి కుట్లు వేశాడు. నాగరత్నమ్మగారు సాయంత్రం బండికి లేచారు. సంచీ సర్దుకుంటూ ఉంటే రహంతుల్లా వచ్చి ఎదుట నిలబడ్డాడు. రాతప్రతి ఒకసారి ఇమ్మని చెయ్యి చాచాడు. ఆవిడ ఇచ్చారు. అతను ఆ పాఠం వెతికి, సిల్వర్ నైట్రేట్‌కు ముందు వాళ్ళు ఆగిపోయిన చోట ఆ మాట రాశాడు. అమోనియా కలిపిన, అని. దాని కింద తాను సగంలో వదిలేసిన వాక్యాన్ని పూర్తి చేశాడు. రాయడానికి అతనికి చాలాసేపు పట్టింది.

ఆవిడ చదువుకుని, అతని తలమీద చెయ్యి వేసి వెళ్ళిపోయారు.

రహంతుల్లా తన పరుపు చుట్టాడు. రెండు జతల బట్టలు, పుస్తకాల మూట. వాటిని వసారా మెట్టు మీద పెట్టి హజ్రత్ కాళ్ళ దగ్గర కూర్చున్నాడు. చెంప మీద దూది కట్టుతో ఆయన ముఖం ఒకవైపు వాచి ఉంది.

"సెలవిప్పించండి హజ్రత్. దస్తగిరమ్మ అవ్వ చెయ్యి ఆ మూత మీద ఉండడం నా కళ్ళలోంచి పోదు. ఈ ఇంట్లో ఉండే అర్హత నాకు లేదు."

హజ్రత్ విన్నట్టే లేదు. "మంగలి అద్దం ఎట్లా వచ్చింది?"

"బాగా వచ్చింది."

"ఆ చిన్నపలక? గోడకు ఆనించి ఉంది చూడు. ఎవరు కడిగారు?"

రహంతుల్లా తల వంచుకున్నాడు.

"చాలా బాగా కడిగారు," అన్నారు హజ్రత్. గోడ పట్టుకుని లేచారు. "దుమ్ము పడకముందే పని కానివ్వాలి. రా."

గదిలో దీపం అక్కర్లేనంత వెలుతురు ఇంకా ఉంది. హజ్రత్ చిన్నపలకను బల్ల మీద పరిచారు. సిల్వర్ నైట్రేట్ సీసా, అమోనియా సీసా, కడిగిన కొత్త కడ్డీ, వంటింట్లోని చక్కెరపాకం, ఆమ్లం, అన్నీ వరసగా పెట్టారు. పెట్టి, తాను ఎప్పుడూ నిలబడే చోటు నుంచి పక్కకు జరిగారు.

రహంతుల్లాకు అర్థం కాలేదు. తర్వాత అర్థమైంది. అక్కడ నిలబడడానికి ఒక్క అడుగు చాలు. ఆ అడుగు వెయ్యడానికి అతనికి కాళ్ళు రాలేదు.

"ఇవాళ వద్దు హజ్రత్. ఇవాళ నా వల్ల కాదు."

"ఇవాళే."

అడుగు వేశాడు. అమోనియా సీసా బిరడా తీశాడు. ఘాటు ముక్కులో గుచ్చుకుని కళ్ళలో నీళ్ళు తిరిగాయి. ఆ వాసన అతనికి కొత్త కాదు, అయినా మొదటిసారి పీల్చినట్టు ఉలిక్కిపడ్డాడు. చుక్కలగొట్టంలోకి తీసుకుని గిన్నె మీదికి వంగాడు. చెయ్యి గడగడ వణికింది. గొట్టం కొన గిన్నె అంచుకు తగిలి టకటకమంది. ఎడమచేత్తో కుడి మణికట్టును గట్టిగా పట్టుకున్నాడు. వణుకు ఆగలేదు, రెండు చేతులకూ పాకింది.

సిగ్గుతో గురువు వైపు చూశాడు. "క్షమించండి. కాసేపు ఆగితే తగ్గుతుంది."

హజ్రత్ దగ్గరికి వచ్చి, మణికట్టును బిగించి ఉన్న ఆ వేళ్ళను మెల్లగా విడదీశారు.

"వణకనీ బేటా. ఇన్నాళ్ళకు నీ చేతికి చదువొచ్చింది."

రహంతుల్లా ఎడమచెయ్యి దించుకున్నాడు. మొదటి చుక్క గిన్నెలో పడింది.